కంప్యూటర్ తరఫున కర్పూరం

సూర్యాపేట బైపాస్ పక్కన సందీప్ షెడ్డు కంటే దాని మీది బోర్డే పెద్దది. బోర్డు మీద లారీ ఇంజన్, దాని చుట్టూ మెరుపులు, మెరుపుల మధ్య చేతులు కట్టుకుని నిలబడ్డ సందీప్. మెకానిక్ అని ఎవరైనా పిలిస్తే అతనికి ఒళ్లు మండేది. మెకానిక్ అంటే చేతికి గ్రీజు అంటేవాడు. తాను ట్యూనర్, ఇంజన్‌ను కంప్యూటర్‌తో సర్దేవాడు. గరిడేపల్లిలో వరి పొలాలున్న ఇంట్లో పుట్టి, ఇంజనీరింగ్ చదివి, హైదరాబాదులో కోర్సు చేసి, ఆ సర్టిఫికెట్‌ను దేవుడి పటం పక్కన తగిలించుకున్నవాడు.

ఇంజన్ చప్పుడు విని జబ్బు చెప్పే పాత మేస్త్రీలంటే అతనికి జాలి. మనుషులు అబద్ధాలు చెప్తారు, చెవులు మోసపోతాయి, లాగ్ మాత్రం మోసపోదు అనేవాడు. లాగ్ అంటే మరేం కాదు, బండి నడిచినంతసేపూ ఇంజన్‌లోని కంప్యూటర్ రాసుకునే చిట్టా. ఎంత గాలి పీల్చింది, ఎంత డీజిల్ తాగింది, ఎక్కడ వేడెక్కింది, అన్నీ అందులో ఉంటాయి. వైరు తగిలిస్తే లాప్‌టాప్‌లో రంగురంగుల గీతలుగా కనిపిస్తాయి. ఆ గీతల ముందు సందీప్ పూజారిలా కూర్చునేవాడు. వచ్చినవాళ్లు చెప్పులు విప్పి నిలబడకపోవడమే తక్కువ.

అలాంటి సందీప్ దగ్గరికి మిర్యాలగూడ నుంచి రైసుమిల్లు కృష్ణమూర్తి తన పన్నెండు టైర్ల లారీని తెచ్చాడు. ఆయన బాధ లోకంలో ఎవరికీ రాకూడనిది. బియ్యం లోడుతో కోదాడ వెళ్లే దారిలో పక్క మిల్లు లారీ రోజూ ఆయన లారీని దాటిపోతోంది. దాటేటప్పుడు హారన్ కూడా కొడుతోంది. ముందు చేరినంత మాత్రాన బియ్యానికి ఎక్కువ ధర రాదు, వెనక చేరితే తగ్గదు. కానీ పరువు కూడా ఆ బస్తాలతో పాటే లోడవుతుంది కదా!

సందీప్ ఆ లారీకి పాత నాజిళ్లు పీకి పెద్ద రంధ్రాలున్న కొత్తవి బిగించాడు. ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మేవి అవే. ఇక సూర్యాపేట నుంచి కోదాడ దాకా లోడుతో నడిపి, లాగ్ చూసుకుంటూ డీజిల్‌ను సర్దాలి. డ్రైవర్ కృపాకర్ స్టీరింగ్ పట్టాడు. పక్క సీట్లో ఒళ్లో లాప్‌టాప్‌తో సందీప్, వెనక తెల్ల కారులో కృష్ణమూర్తి.

నడిగూడేనికి చెందిన కృపాకర్ ఆ లారీ కొన్ననాటి నుంచీ దాని మీదే ఉన్నాడు. అద్దం దగ్గర తన చిన్న శిలువ, దాని పక్కనే ఓనర్ కట్టించిన నిమ్మకాయా మిరపకాయలూ, రెండూ ఒకే దారానికి వేలాడేవి. మనిషి మాట తక్కువ, బండిని తిట్టడం అసలే లేదు.

హైవే ఎక్కి కృపాకర్ యాక్సిలరేటర్ తొక్కగానే లారీ ముందుకు దూకింది. వెనక నుంచి లేచిన నల్లటి పొగకు తెల్ల కారు కనిపించకుండా పోయింది. కోదాడలో టీ కొట్టు దగ్గర ఆగేసరికి కృష్ణమూర్తి తెల్ల చొక్కా మీద మసి. దాన్ని ఆయన దులపనివ్వలేదు. పొగ ఎంత నల్లగా ఉంటే బండికి అంత బలమని ఆ దారిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు మరి. టీ తాగేవాళ్లంతా లేచి వచ్చి పొగ గొట్టాన్ని చూసి మెచ్చుకున్నారు. సందీప్ మాత్రం లాప్‌టాప్ చూశాడు. డీజిల్ గీత కంపెనీ పెట్టిన హద్దులోనే ఉంది. హద్దులో ఉంచి ఇంత బలం తెప్పించానా అని తన తెలివికి తనే ముచ్చటపడ్డాడు. కాలర్ సర్దుకుని లారీ పక్కన ఫొటో దిగాడు. ఇంకా ఏదో ఒక పని మిగిలి ఉందని ఒక్క క్షణం అనిపించింది కానీ, అప్పటికే ఎవరో అతని చేతిలో మిర్చి బజ్జీల పొట్లం పెట్టారు.

పక్క మిల్లు లారీ వెనకబడింది. కృష్ణమూర్తి పరువు నిలబడింది. అక్కడితో కథ కంచికి చేరాల్సింది. కానీ సందీప్ ఊరుకోడు కదా, లారీలో లాగ్ పంపే చిన్న పెట్టె బిగించి, ప్రతి ట్రిప్పుకూ బండి ఎంత డీజిల్ తాగిందో లాగ్ నుంచి తీసి ఆయన ఫోనుకు పంపడం మొదలుపెట్టాడు. కృష్ణమూర్తికి గీతలు అర్థం కావు, లీటర్లు అర్థమవుతాయి. బంకులో పోయించిన డీజిల్‌కూ, లాగ్ చెప్పిన డీజిల్‌కూ ప్రతి ట్రిప్పులోనూ ఒక క్యానుకు క్యాను తేడా వచ్చింది. ఇంజన్ తాగలేదు, ట్యాంకులో లేదు. మధ్యలో ఉన్నది కృపాకర్ ఒక్కడే.

"లాగ్ తప్పు చెప్తదా?" అని కృష్ణమూర్తి ఫోన్ చేసి అడిగాడు.

"ఛాన్సే లేదు అంకుల్," అన్నాడు సందీప్.

ఆ ముక్క అన్నప్పుడు అతనికి కృపాకర్ మొహం గుర్తుకు రాలేదు. లాప్‌టాప్ గౌరవమే గుర్తుకొచ్చింది.

కృష్ణమూర్తి మిల్లులో ఏ తగాదా వచ్చినా ఒకటే పద్ధతి. బస్తా తగ్గినా, గోనెసంచి పోయినా, కాటా దగ్గర అందరి ముందూ అరచేతితో కర్పూరం ఆర్పి ప్రమాణం చేయాలి. పోలీసులు అక్కర్లేదు, లాయర్లు అక్కర్లేదు. కృపాకర్ పంచాయితీకి కూడా రోజు కుదిరింది. లాప్‌టాప్‌తో సహా రమ్మని సందీప్‌కు కబురొచ్చింది.

ఆ పొద్దున సందీప్ షెడ్డులో కూర్చుని, అందరికీ చూపించడానికి గీతలను రంగుల్లో ప్రింటు తీస్తూ, లారీ ఫైలు మొత్తం తెరిచాడు. అందులో ఒక పట్టిక దగ్గర చెయ్యి ఆగిపోయింది. అది నాజిళ్ల పట్టిక. ఇంజన్ కంప్యూటర్ డీజిల్‌ను కొలవదు. నాజిల్ ఎంతసేపు తెరుచుకుందో చూసి, ఇంత పోయి ఉంటుందిలే అని లెక్క కడుతుంది. ఆ పట్టికలో ఇంకా పాత నాజిళ్లే ఉన్నాయి. కొత్తవి బిగించినట్టు సందీప్ కంప్యూటర్‌కు చెప్పనే లేదు. కోదాడలో బజ్జీల దగ్గర మర్చిపోయిన పని అదే. రంధ్రం పెద్దదై డీజిల్ ధారగా పోతుంటే, కంప్యూటర్ మాత్రం పాత చుక్కలనే లెక్కపెడుతోంది. తేడా వచ్చిన క్యాను కృపాకర్ ఇంటికి పోలేదు. మిర్యాలగూడ నుంచి కోదాడ దాకా ఆకాశంలోకి పోయింది, నల్లగా, అందరూ చూసి చప్పట్లు కొడుతుండగా.

సందీప్ ప్రింట్లూ లాప్‌టాప్‌ సంచిలో పెట్టుకుని లేచాడు. చెప్పేయాలనే బయల్దేరాడు, అందులో అబద్ధం లేదు. మిర్యాలగూడ దాకా బైకు మీద మాటలు కూర్చుకుంటూనే వెళ్లాడు. 'చిన్న సాంకేతిక లోపం' అందామా, 'సాఫ్ట్‌వేర్ సమస్య' అందామా అని ఆలోచించాడు. 'నేను మర్చిపోయాను' అనే మాట మాత్రం ఎంత వెతికినా నోటికి దొరకలేదు.

మిల్లులో అడుగుపెట్టేసరికి కాటా చుట్టూ హమాలీలు, డ్రైవర్లు. కుర్చీల్లో మరో నలుగురు మిల్లు ఓనర్లు, దొంగను పట్టే కంప్యూటర్‌ను చూడ్డానికి వచ్చినవాళ్లు. తమ లారీలకూ పెట్టించాలనుకుంటున్నారని కృష్ణమూర్తి అతని చెవిలో చెప్పాడు. సందీప్ కూర్చుకొచ్చిన మాటలు పక్కన పెట్టి సంచి తెరిచాడు. రంగుల ప్రింట్లు చేతులు మారాయి. ఓనర్లు వాటిని తలకిందులుగా పట్టుకుని తలలు ఊపారు.

కృపాకర్‌ను పిలిచారు. ఆ దారిలో డీజిల్ దొంగ అనే పేరు ఒకసారి పడితే మళ్లీ ఎవరూ తాళం చేతికివ్వరు. అది అక్కడున్న ప్రతి డ్రైవర్‌కూ తెలుసు కాబట్టి ఎవరూ మాట్లాడలేదు. గుమాస్తా పర్వతాలు పళ్లెంలో కర్పూరం వెలిగించాడు. నీ దేవుడు వేరే కదా అని కృష్ణమూర్తి గుమాస్తా బల్ల మీద ఒక బైబిలు కూడా తెప్పించి పెట్టాడు, న్యాయంలో లోటు రాకూడదని. కృపాకర్ బైబిలు మీద చెయ్యి పెట్టాడు. తర్వాత అదే చేతితో కర్పూరం ఆర్పాడు.

"చుక్క డీజిల్ నేను తియ్యలే," అన్నాడు. అంతే.

హమాలీల్లో గుసగుస మొదలైంది. అప్పుడు పర్వతాలు మెల్లగా ఒక సందేహం బయటపెట్టాడు. ఈయన ప్రమాణం చేసిండు, మరి ఆ పెట్టె చెయ్యలేదు కదా సేటూ, అని. సందేహం న్యాయమైనదే. కృష్ణమూర్తి మీసం దువ్వుకుని ఆలోచించి తీర్పు చెప్పాడు.

"దానికి చెయ్యి లేకపాయె. దాని తరఫున నువ్వు ఆర్పు, సందీపూ."

పర్వతాలు ఇంకో కర్పూరం బిళ్ల వెలిగించాడు. సందీప్‌కు కర్పూరం మీద నమ్మకం లేదు. మంట అంటే వేడి, వేడి అంటే ఇన్ని డిగ్రీలు. అయినా చెయ్యి లేవలేదు. కృపాకర్ అతని వైపే చూస్తున్నాడు. కోపంగా కాదు, కోదాడ రోడ్డు మీద గేరు మార్చే ముందు చూసినట్టు, ఇప్పుడేం చెయ్యాలో చెప్పమన్నట్టు. ఒక్క మాట చాలు. అటు కుర్చీల్లో నలుగురు ఓనర్లు, వాళ్ల వెనక ఎన్నో లారీలు. సందీప్ చెయ్యి చాచి కర్పూరం ఆర్పాడు. చదువుకున్నవాడు కదా, ఆర్పే ముందు కళ్లు మూసుకున్నాడు.

కృపాకర్ తాళం కాటా మీద పెట్టాడు. క్యాబిన్ ఎక్కి శిలువను విప్పుకున్నాడు. నిమ్మకాయా మిరపకాయలూ అలాగే ఉండిపోయాయి.

ఆ వారమే సందీప్ లారీని షెడ్డుకు తెప్పించి పట్టిక సరిచేశాడు. ఎంత శ్రద్ధగా చేశాడంటే, ఆ శ్రద్ధలో సగం మొదటే పెట్టి ఉంటే ఈ కథే ఉండేది కాదు. కొత్త డ్రైవర్ జైరాం నడుపుతుంటే సూర్యాపేట, కోదాడ మధ్య మళ్లీ మళ్లీ తిరిగాడు. గాలి గీతకు తగ్గట్టు డీజిల్ గీతను తగ్గించాడు, ఎక్కడ ఇంజన్ నీరసించిందో అక్కడ కొంచెం పెంచాడు. పొగ పోయింది. లాగ్ లెక్కా బంకు లెక్కా అచ్చం ఒకటిగా సరిపోయాయి.

సరిపోవడమే కొంప ముంచింది. కృపాకర్ పోయాడు, తేడా పోయింది! ఇంతకంటే రుజువేం కావాలి? కృష్ణమూర్తి ఊరంతా చెప్పుకున్నాడు. కోదాడలో లారీ ఓనర్లు సభ పెట్టి సందీప్‌కు శాలువా కప్పారు. ట్యూనర్ అన్నవాళ్లు లేరు. దొంగల్ని పట్టే సారు అన్నారు. అరచేతితో సాక్ష్యం చెప్పి ఒకరి పొట్ట కొట్టినవాడు, తప్పు సరిదిద్ది ఆ సాక్ష్యాన్నే నిజం చేసుకున్నాడు. అంత చక్కని ట్యూనింగ్ అతని జీవితంలో మళ్లీ కుదరలేదు.

శాలువా కప్పుకున్నాక నిద్ర పట్టడం మానేసింది. సిగ్గు అనేది లాగ్‌లో పడదు కాబట్టి అదేమిటో తెలుసుకోవడానికి అతనికి కొన్నాళ్లు పట్టింది. చివరికి ఒక మధ్యాహ్నం నడిగూడెం వెళ్లాడు. లారీ ఇచ్చేవాళ్లు లేక కృపాకర్ వేరేవాళ్ల పొలంలో గట్లు చెక్కుతున్నాడు. సందీప్ గట్టు మీదే నిలబడి నాజిళ్ల సంగతి, పట్టిక సంగతి, చివరికి 'నేను మర్చిపోయాను' అనే మాట కూడా చెప్పేశాడు. కృపాకర్ పార ఆపి విన్నాడు.

"నాకెందుకు చెప్తుండ్రు సారూ? నేను తియ్యలేదని నాకు తెల్వదా?" అన్నాడు. "పోయి కాటా కాడ చెప్పుండ్రి."

మళ్లీ పార ఎత్తాడు.

సందీప్ అటునుంచి అటే మిర్యాలగూడ వెళ్లాడు. ఈసారి మాటలు కూర్చుకోలేదు. లారీ లోడుతో కాటా మీద ఉంది, హమాలీలున్నారు, పర్వతాలున్నాడు. అందరి ముందూ గట్టిగా చెప్పాడు. కృపాకర్ దొంగ కాదు, తప్పు లాగ్‌ది కాదు, తనది అని. చెప్పాక గుండె తేలికపడింది, ఒక్క నిమిషం సేపు.

కృష్ణమూర్తి లేచి వచ్చి అతని భుజం తట్టాడు. ఎంత మంచి పిల్లగాడో చూడండి, దొంగ మీద జాలితో తప్పు తన నెత్తిన వేసుకుంటున్నాడు అని అందరికీ చూపించాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వి, జాలిగానే చూశారు. సందీప్‌కు ఉక్రోషం ఆగలేదు. పట్టిక చూపిస్తానన్నాడు, గీతలు చూపిస్తానన్నాడు. ఎవరూ అటు తిరగలేదు. ఆఖరికి తనే పళ్లెం అడిగాడు, కర్పూరం వెలిగించమన్నాడు, ఇప్పుడే ఆర్పి ప్రమాణం చేస్తానన్నాడు.

పర్వతాలు పళ్లెం తేలేదు. సందీప్ చాచిన అరచేతిని కాసేపు చూశాడు.

"ఆ దినం ఆర్పింది గీ చెయ్యే కద సారూ. ఒక్క చెయ్యి రెండు మాటలకు ఆర్పితే, మేం దేన్ని నమ్మాలె?"

సందీప్ చెయ్యి ముడుచుకున్నాడు. తూకం అయిపోయిందని పర్వతాలు కేకేస్తే జైరాం లారీ స్టార్ట్ చేశాడు. అందరూ పక్కకు జరిగారు. లారీ కాటా దిగి కోదాడ దారి పట్టింది, గొట్టం నుంచి కాస్తయినా పొగ రాలేదు.