ఏడున్నర నుంచి ఇరవై నిమిషాలు

నా భార్య తొమోయే తొమ్మిదేళ్లు నాకు అబద్ధం చెప్పింది. అది తేలిపోయిన సంగతి.

జపాన్‌లోని త్సుబమే ఊళ్లో మాది చెంచాలు చేసే చిన్న కార్ఖానా. ఆఫీసులో ఐదు కంప్యూటర్లు. కోడలు అందరికంటే ముందొచ్చి బల్లలు తుడిచి, టీకి నీళ్లు పెట్టాలని మా అమ్మ పెట్టిన పద్ధతి. కంప్యూటర్లు వెయ్యడం తర్వాత దానికే తోడైంది.

"ఐదు బల్లలు తుడవడానికి ఏడున్నరకే వెళ్లాలా?" అని దెప్పేవాణ్ణి.

"కంప్యూటర్లు నిదానమండీ. తెరుచుకోవడానికి ఇరవై నిమిషాలు పడుతుంది."

"అయితే బాగుచెయ్యి."

"నాకేం తెలుసు?"

తొమోయే చనిపోయాక ఎనిమిదిన్నరకి వచ్చి అందరం నల్లటి తెరల ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాం. మరమ్మతుకి నిషివాకి అనే అమ్మాయిని పిలిపించాను.

"ఇవి ఎప్పట్నుంచో ఇంతేనండీ" అందామె. "మీరు పారేసిన పాత మెషీనుంది చూశారూ, ఐదూ పొద్దున్నే దాని ఫోల్డర్ కోసం వెతుకుతున్నాయి. లేనివాడి తలుపు కొట్టి కొట్టి, విసిగాక తెరుచుకుంటున్నాయి. వీటిల్లోంచి ఆ పాత మెషీను పేరు తీసేస్తే సరి, నిమిషం పని. ఇన్నాళ్లూ మీకు తెలియలేదంటే మీ బదులు ఎవరో ఎదురుచూశారన్నమాట. అదృష్టవంతులు!"

పాస్‌వర్డ్‌ల కోసం వెతుకుతుంటే టీ డబ్బా కింద నోటుపుస్తకం దొరికింది. తొమోయే చేతిరాత. తొమ్మిదేళ్ల నాటి తేదీ.

"పాత మెషీను పేరు తీసేస్తే చాలు. ఒకదానికి తీసి చూశాను, వెంటనే తెరుచుకుంది. మళ్లీ పెట్టేశాను. ఐదు మీటలూ నొక్కి కిటికీ దగ్గర కూర్చుంటాను. నది మీది మంచు మెల్లగా గదిలోకి వస్తుంది, బల్లలు తేలిపోతాయి, నేనూ తేలిపోతాను. 'ఏయ్, టీ' అనేవాళ్లుండరు. ఈ కాసేపు నేను ఎవరి కోడల్నీ కాను, ఎవరి పెళ్లాన్నీ కాను. చిన్నప్పుడు పడవలో పడుకున్నట్టుంటుంది. బాగుచెయ్యను. ఎవరికీ చెప్పను."

"తీసెయ్యమంటారా?" నిషివాకి వేలు మీట మీద ఉంది.

"వద్దు."

"వద్దా? పనివాళ్లు నవ్విపోతారండీ!"

"నవ్వనీ."

ఇప్పుడు ఏడున్నరకి నేనే వెళ్తున్నాను. బల్లలు తుడిచి, మీటలు నొక్కి, ఆమె కుర్చీలో కూర్చోకుండా పక్కన నిలబడతాను. మంచు నది మీదే ఉంటుంది. గదిలోకి రాదు.

ఆమెని నేను క్షమించలేదు. ఇంట్లో ఆమెకి ఇరవై నిమిషాలు మిగల్చని వాణ్ణి అసలే క్షమించలేదు. ఎందుకు బాగుచేయించవని నిషివాకి మళ్లీ అడిగింది, మా చెల్లెలు అడిగింది. ఇక ఎవరడిగినా ఈ మాట నా నోట రాదు.