దుప్పి పెంటిక ఎన్నాళ్లుంటుంది

"పెంటికలు లెక్కవెట్టనీకె ఎమ్మెస్సీ సదవాల్నా పిల్లా? నేను పలక గూడ పట్టలే. నలభై ఏండ్ల సంది ఊడుస్తనే ఉన్న."

ఆదివారం పొద్దున నేను మేకల దొడ్డి ఊడుస్తుంటే మా అత్తమ్మ సుభద్రమ్మ అనే మాట ఇది. వారమంతా కొల్లాపూర్ అంచు అడవిలో దుప్పుల పెంటికలు లెక్కపెడతాను. సెలవు రోజున ఇంట్లో మేకల పెంటికలు ఎత్తుతాను. నా నుదుట రాసినవాడికి వేరే మాట తోచలేదేమో. బడిలో సార్‌గా పనిచేసే మా ఆయన చంద్రశేఖర్‌కు నా ఉద్యోగం పేరు చెప్పడం నామోషీ. చుట్టాలొస్తే "ఆఫీసుల కంప్యూటర్ ఆపరేటర్" అంటాడు. ఆఫీసులోనేమో స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసిన నన్ను మా ప్రాజెక్టు సార్ "అమ్మా శ్రీవాణీ, నలుగురికి చాయ్ చెప్పు" అంటాడు. ఆ నలుగురిలో నేనుండను.

రెండు వేల ఆరులో అడవి పక్క ఊళ్లలో పశువులకు గాలికుంటు తగిలింది. నోళ్లు పుండ్లు పడి, గిట్టలు చీలి ఎద్దులు కూలబడ్డాయి. దుప్పులే తెచ్చినయని, వాటిని తరిమేయాలని రైతులు పట్టుబట్టారు. వాళ్ల బాధ వాళ్లది. అందుకే అసలు దుప్పులు ఎన్ని ఉన్నాయో తేల్చమని అటవీశాఖ మా ప్రాజెక్టుకు అప్పగించింది. మనిషి అలికిడికే పారిపోయే జీవాలను ఎలా లెక్కపెట్టేది? నేల మీద పెంటికల కుప్పలు ఎన్ని, ఒక్క దుప్పి రోజుకు ఎన్ని కుప్పలు వేస్తుంది, ఒక కుప్ప చెదరకుండా ఎన్ని రోజులుంటుంది, ఈ మూడూ తెలిస్తే దుప్పుల సంఖ్య తేలుతుంది. నా లెక్కలో తొమ్మిది వందలని తేలింది. అంత పెద్ద మందలో జబ్బు తనలో తానే తిరుగుతూ నిలిచిపోతుంది. అదే ఐదు వందల లోపయితే, అంటుకోవడానికి కొత్త జీవం దొరక్క దానంతటదే ఆగిపోతుంది. అప్పుడు జబ్బు పశువుల నుంచే దుప్పులకు పోతున్నట్టు. అంటే టీకాలు వేయాల్సింది పశువులకు. మా సార్ తొమ్మిది వందలనే పైకి పంపబోతున్నాడు. నా కళ్లు మాత్రం అడవిలో అన్ని దుప్పుల్ని ఎన్నడూ చూడలేదు.

మాఘమాసంలో ఒక ఆదివారం దొడ్డి మూలన పాతవి వదిలేశానని అత్తమ్మ కసురుకుంది.

"నిన్నటివే కద అత్తమ్మా!"

"నిన్నటివా? అవి రెండు నెలలయి. పొడి దినాలల్ల పెంటిక బొగ్గోలె ఎండి అట్లనే పడుంటది. వానవడ్డంకనే పురుగులు ఎత్తుకపోతయి. గింత గూడ తెల్వదా?"

నా చేతిలో చీపురు ఆగిపోయింది. మా లెక్కలో కుప్ప ఉండేది ముప్పై రోజులని వేశాం. ఎక్కడిదా ముప్పై? ఎప్పుడూ వాన కురిసే ఏదో అడవి మీద రాసిన పుస్తకంలోది! కుప్ప రెండింతల రోజులుంటే, వాటిని వేసిన దుప్పులు సగమే ఉన్నట్టు.

ఆ మరుసటి ఆదివారమే అత్తమ్మను అడవికి తీసుకెళ్లాను. "ఇద్దరు పోతే నాకు బువ్వెవరు వండుతరు?" అన్నాడు మా ఆయన. పాపం, అత్తమ్మ తెల్లారకముందే వండి పెట్టి బయల్దేరింది. దుప్పులు దిగే మడుగు దగ్గర తడి ఆరని కుప్పలు అరవై వెతికి, అత్తమ్మ పాత చీర పేలికల మీద తేదీలు రాసి రాళ్ల కింద పెట్టాం. తర్వాత ప్రతి ఆదివారం కొత్తవీ పాతవీ చూపిస్తూ ఆమెకు పరీక్ష పెట్టేదాన్ని. వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, "ఇది మొన్న శుక్రారంది" అనేది. నేనేమో వారంలో పనికొచ్చినప్పుడే చూసి రాసి పెట్టుకుని ఉండేదాన్ని, శుక్రవారమే! సంతోషం పట్టలేక కేకపెడితే ఆవలి పొదల్లోంచి మంద మందంతా లేచి పరుగెత్తింది. అత్తమ్మ నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది. పెళ్లయిన ఆరేళ్లలో ఆమె అలా నవ్వడం నేను చూడలేదు.

డెబ్బై అయిదో రోజున అరవైలో సగం కుప్పలు ఇంకా అక్కడే ఉన్నాయి.

మీటింగులో సార్ తొమ్మిది వందలని చదవగానే లేచి నిలబడ్డాను. "కాదు సార్. మూడు వందల అరవై. కుప్ప సగటున ఉండేది డెబ్బై అయిదు రోజులు."

"ఎవరు చెప్పిన్రమ్మా నీకు?"

ఏదో పెద్ద పుస్తకం పేరు చెప్పి తప్పించుకోవచ్చు. కానీ మేం వండి ఊడ్చే ఇల్లు ఇంటాయన ఇల్లయింది, నేను వేసిన లెక్క సార్ ప్రాజెక్టయింది, ఇది కూడా ఇంకొకరి పేరున పోవాలా అనిపించింది. "మా అత్తమ్మ, సుభద్రమ్మ. మేకలు కాస్తది" అన్నాను. గదంతా నవ్వింది. నేను నోటుబుక్కు బల్ల మీద పెట్టాను. పశువుల డాక్టర్ జంగయ్య గారు నవ్వుతూనే తెరిచి, రెండో పేజీకి నవ్వు మానేసి, చివరిదాకా తిప్పారు. "ఈమె లెక్కనే సరైంది. వానలు రాకముందే పశువులకు టీకాలేద్దాం. దుప్పుల జోలికి పోవద్దు" అన్నారు.

బయటికొచ్చాక సార్ గొంతు తగ్గించాడు. "రిపోర్టుల మేకలామె పేరెందుకమ్మా, బాగుండదు."

"ఆమె పేరు తీసేస్తే డెబ్బై అయిదు గూడ తీసెయ్యాలె సార్."

పేరు ఉండిపోయింది. ఇంటికి తెచ్చి చూపిస్తే అత్తమ్మ ఆ అక్షరాల మీద వేలు పెట్టి, "ఇంతనేనా నేను?" అంది. మళ్లీ చూపించమంది. మూడోసారి కూడా చూపించాను.

ఆ ఆదివారం మేమిద్దరం చెప్పులేసుకుంటుంటే మా ఆయన వంటింట్లోంచి ఖాళీ గిన్నెతో వచ్చాడు. "అమ్మా, బువ్వేది?"

అత్తమ్మ కొంగు నడుముకు బిగించింది.

"బియ్యం డబ్బల ఉన్నయి నాయినా. వండుకున్నంక దొడ్డి గూడ ఊడ్వు. దానికి ఎమ్మెస్సీ సదవనక్కర లేదు."