నాలుగిటుకలు

శౌరయ్య మంచివాడని మందమర్రిలో ఎవరిని అడిగినా చెబుతారు. ఆయన పోయి ఏడాది కావస్తున్నా కాలనీలో ఆ మాట పాతబడలేదు. భార్య లూర్దమ్మను మాత్రం ఎవరూ అడగలేదు. కట్టుకున్నది, ఆమె వేరే ఏం చెబుతుందిలే అనుకున్నారు.

ఆమె కూడా మంచివాడనే చెప్పేది. ఆయన బొగ్గుబాయిలో సర్దారు. అందరికంటే ముందు లోపలికి పోయి, నెత్తిమీది కప్పును కర్రతో తట్టి చూసి, గట్టిగా ఉందని తేలాకే మిగతావాళ్లను రానిచ్చే ఉద్యోగం. బయట కూడా ఆయన తీరు అంతే. ఎవరింట్లో గొడవైనా, ఎవరి ఒంట్లో బాగాలేకున్నా ముందు ఆయన కాలే గడపలో పడేది. బాయిలో మొగుణ్ని పోగొట్టుకున్న ఆడవాళ్లను వెంటబెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగేవాడు. ఫాదర్ గారు ఊళ్లో లేని ఆదివారం గుడిలో ప్రార్థన ఆయనే నడిపించేవాడు. సాయంత్రం ఇంట్లో జపమాల కాకుండా ఎవరి కంచంలోనూ అన్నం పడేది కాదు. అట్లాగని చేతులు కట్టుకుని కూర్చునే భక్తుడు కాదు. ఆదివారం పూజ కాగానే మాంసం తెచ్చి, ఉల్లిగడ్డలు తనే కోసి ఇచ్చేవాడు. ఆ లైన్లో ఉల్లిగడ్డ కోసిన మగవాడు ఇంకొకడు లేడు. పక్క క్వార్టర్ల ఆడవాళ్లు ఆ సంగతి తమ మొగుళ్లకు వినబడేటట్టు చెప్పుకునేవాళ్లు.

అంత మనిషికి ఒక రూలుండేది. బొందలగడ్డలో ఎవరికీ కట్టుడు సమాధి ఉండకూడదు. మట్టికుప్ప, దాని తలాపున కట్టె శిలువ, అంతే. వాళ్ల బొందలగడ్డకు ఒకవైపు రైలు పట్టాలు, ఇంకోవైపు ఓపెన్‌కాస్టు గని తవ్విపోసిన మట్టిగుట్ట. పెరగడానికి జాగా లేదు. శిలువకు చెదలు పట్టి పడిపోయిన కొన్నేళ్లకు ఆ చోటనే మళ్లీ తవ్వుతారు. పాత ఎముకలను ఒక పక్కకు చేర్చి, ప్రార్థన చెప్పి, కొత్త మనిషిని పడుకోబెడతారు. ఇటుకా సిమెంటూ పెట్టనిస్తే ఉన్నోళ్లు జాగా పట్టుకుంటారు, లేనోళ్లకు మన్ను కూడా దొరకదని ఆయన వాదన. తల్లికి సమాధి కట్టుకుంటానన్న ఒక కాంట్రాక్టరు ఈ మాట మీదే అలిగి వేరే చర్చికి వెళ్లిపోయాడు. శౌరయ్య వాళ్లింటికి పోయి బతిమాలాడు గానీ రూలు మాత్రం వదల్లేదు.

ఆ రూలు ఆయన ఇంటికే వచ్చింది. కొడుకు కరుణాకర్ పుట్టకముందు వాళ్లకు రోజమ్మ అని ఒక బిడ్డ. ఇంకా బడిలో వెయ్యలేదు. వానాకాలంలో మెదడు జ్వరమొచ్చి పోయింది. పెట్టెను శౌరయ్యే ఎత్తుకుని నడిచాడు. మన్ను పోశాక లూర్దమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

"గా నాలుగిటుకలన్న సుట్టూత పెట్టనియ్యి. వానకు మన్ను కొట్టుకపోతది."

"గీ ఒక్కపారి పెడితె, రేపు ఎవ్వలనన్న వద్దని ఎట్ల అంట లూర్దా?"

అంటూ ఆయన ఏడ్చాడు. ఏడ్చాడు గానీ ఇటుకలు పెట్టనివ్వలేదు. "సరేతీ" అని ఆమె చెయ్యి వదిలేసింది.

కొన్నేళ్లకు కాలనీలో ఒకరి వెనుక ఒకరు పోయిన ఏడాది వచ్చింది. రోజమ్మ ఉన్న పాత వరసను మళ్లీ తవ్వాల్సి వచ్చింది. ఆ రోజు శౌరయ్య బొందలగడ్డ నుంచి వచ్చి, జపమాల చెప్పి, అన్నం తినకుండా పడుకున్నాడు. ఎందుకని ఆమె అడగలేదు. తెలిసిపోయింది. అప్పటినుంచి, పోయినవాళ్లను తలుచుకునే ఆత్మల పండుగ వచ్చిన ప్రతిసారీ ఆమె ఒక కొవ్వొత్తి తీసుకుని ఆ వరసలో ఎక్కడో ఒకచోట వెలిగించి వచ్చేది. అది ఎవరి తండ్రి మీదో, ఎవరి అత్త మీదో వెలిగేది.

కోపం అంటే అరుపులే కాదు. లూర్దమ్మ కోపం ఆమెతోపాటే వండింది, ఉతికింది, జపమాల చెప్పింది. మంచివాడి మీద కోపం పెట్టుకోవడం కన్నా కష్టం లేదు. చెప్పుకుందామంటే వినే దిక్కుండదు.

ఇప్పుడు ఆయన ఏడాది పూజా, ఆత్మల పండుగా దగ్గర దగ్గరగా వచ్చాయి. శౌరయ్య తర్వాత సంఘ పెద్ద అయిన అంతోని నలుగురిని వెంటేసుకుని ఇంటికొచ్చాడు. గుడి వాట్సాప్ గ్రూపులో అప్పటికే శౌరయ్య ఫొటో, చుట్టూ గులాబీలు, కింద వంద దండాలు.

"వదినె, పెద్దాయనకు మంచిగ గ్రానైటు సమాధి కట్టాలని సంఘమంత అనుకున్నం. కరీంనగర్ల పలక సుత చూసొచ్చినం. నువ్వు ఊ అంటె సాలు."

"మరి రూలో?" అన్నాడు వెనక నుంచి ఎవరో ముసలాయన.

"రూలు మనసొంటోళ్లకే. పెద్దాయనకు రూలేందే!" అన్నాడు అంతోని. రూలు పెట్టింది ఆ పెద్దాయనే అన్న సంగతి అక్కడ ఎవరికీ అడ్డం రాలేదు.

కరుణాకర్ ముఖం వెలిగిపోయింది. తండ్రి ఉద్యోగం తీసుకుని అదే బాయిలో చేస్తున్నాడు, తండ్రి అంటే ప్రాణం. తల్లి వైపు చూశాడు.

"కట్టుండ్రి," అంది లూర్దమ్మ.

అంత తొందరగా ఒప్పుకుంటుందని ఎవరూ అనుకోలేదు. ఆమె ఒప్పుకున్నది ఆయన గౌరవం కోసం కాదు. ఆ రూలు కూలిపోవడం కళ్లారా చూడాలని. అదీ ఆయన ఛాతీ మీదే కూలాలని. ఆ రాయి పడితే తన లోపల ఇన్నేళ్లుగా ఉన్న రాయి దిగుతుందని ఆమె గట్టిగా నమ్మింది. నలుగురికీ టీ పెట్టి ఇచ్చింది. ఆ పూట ఆమె చేతి టీ బాగుందని అంతోని రెండోసారి అడిగి తాగాడు.

పండుగకు ముందు ఆదివారం, పూజ అయ్యాక అందరూ బొందలగడ్డకు వచ్చారు. ఏటా అట్లాగే వచ్చి గడ్డి పీకి, సున్నం చల్లి, శిలువలు సరిచేస్తారు. ట్రాలీ ఆటోలో ఇటుకలు దిగాయి. గ్రానైటు పలకకు గోనెసంచులు చుట్టి గోడకు ఆనించారు. మేస్త్రీ సిద్దిరాములు దారం తీసుకుని కొలతలు పెట్టాడు. శౌరయ్య మట్టికుప్పకు ఒకవైపు నడిచే దారి. రెండోవైపు, ఆనుకునే, ఒక చిన్న కుప్ప. చీపురుపుల్లలంత సన్నటి కట్టెలతో కట్టిన శిలువ. మొన్న శ్రావణంలో పోయిన పసిబిడ్డది. ఆటో నడిపే ఇంటివాళ్ల బిడ్డ.

సిద్దిరాములు నాలుగో మేకు కొట్టబోతే అది ఆ చిన్న కుప్పలో దిగింది.

"జర ఇటు దిక్కు జానెడంత వస్తది," అన్నాడు. "పలక కోసే ఉన్నది, ఇంక చిన్నగ చెయ్యరాదు. పిల్లది గద, శిలువను జరంత పక్కకు జరుపుదాం."

అంతోని చుట్టూ చూశాడు. బిడ్డ తల్లి నవత అక్కడే ఉంది. గడ్డి పీకుతున్న చేతులు కొంగుకు తుడుచుకుంటూ లేచి నిలబడింది. అందరూ తన వైపే చూస్తున్నారు. నవ్వబోయింది, రాలేదు.

"సరేతీ అన్నా. పెద్దాయనకే గద," అంది.

ఆ మాట లూర్దమ్మదే. అట్లాగే చేతులకు మన్ను అంటుకుని, అట్లాగే నలుగురి ముందు, ఆమె అన్నదే. సరేతీ అన్నాక మనిషి ఎన్నేళ్లు మోయాలో ఆ పిల్లకింకా తెలియదు. లూర్దమ్మకు తెలుసు.

వంగి మేకును పట్టి లాగింది. రాలేదు. రెండు చేతులతో ఊపి పీకింది.

"ఏందవ్వా?" కరుణాకర్ దగ్గరికి ఉరికొచ్చాడు.

"వద్దు బిడ్డా. మీ బాపుకు కట్టుడు వద్దు."

"నువ్వే గదనే కట్టుమన్నవు! పలక తెచ్చినంక గిదేంది? అందరు నవ్వరా?"

"నవ్వనియ్యి. ఆయన రూలు ఆయన మీద నిలవడనియ్యి."

"మరి పలకనేం చెయ్యాలె వదినె?" అంతోనికి ఏడుపొక్కటే తక్కువ.

"గుడి ముంగట వెయ్యుండ్రి. ముసలోళ్లు కూసుంటరు."

అందరూ హమ్మయ్య అనుకున్నారు. పెద్దాయన పెళ్లాం పెద్దాయన మాట నిలబెట్టిందని ఆ ముసలాయన ఆమె తలమీద చెయ్యి పెట్టి దీవించబోయాడు. ఆమె అందుకు ఆగలేదు. ఇటుకల కుప్ప దగ్గరికి పోయి రెండింటిని చంకలో ఇరికించుకుని వచ్చి, ఆ చిన్న కుప్ప పక్కన చతికిలబడింది. వేళ్లతో మన్ను గీకి ఒక ఇటుక దించింది. దాని పక్కన రెండోది.

ఏం జరుగుతోందో అర్థం కావడానికి అంతోనికి కాసేపు పట్టింది.

"వదినె, గిది గూడ కట్టుడే గద. పెద్దాయనుంటె ఒప్పుకుంటుండెనా?"

"ఒప్పుకోకపోతుండె," అంది లూర్దమ్మ.

అనేసి మళ్లీ లేవబోయింది. అప్పటికి నవత పరుగెత్తుకుంటూ పోయి ఒడినిండా ఇటుకలు తెచ్చింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని పెట్టసాగారు. నవత ఇప్పుడు గట్టిగా ఏడుస్తోంది. ఎవరూ ఊరుకోమనలేదు. సిద్దిరాములు దారం చుట్టి జేబులో పెట్టుకుని దూరంగా నిలబడ్డాడు. ఆ ఏడుపు ముందు అంతోని రూలు మాట మళ్లీ ఎత్తలేదు.

పెట్టడం అయ్యేసరికి లూర్దమ్మ ముఖం కూడా తడిసింది. శౌరయ్య కుప్ప వైపు తిరిగింది. కట్టె శిలువ అప్పటికే కాస్త ఒరిగి ఉంది.

"నువ్వొప్పుకోవు. నాకెరుకే," అంది ఆయనతో. "అయిన పెట్టిన."

కరుణాకర్ వచ్చి తల్లి పక్కన గొంతుక్కూర్చున్నాడు. తనకొక అక్క ఉండేదని వాడికి తెలుసు. అంతకుమించి ఇంట్లో ఎవరూ చెప్పలేదు, వాడూ అడగలేదు. పిల్ల సమాధి చుట్టూ ఇటుకలను చూశాడు, తల్లి గోళ్లలో మన్నును చూశాడు.

"అవ్వా, అక్కది యాడనే?"

లూర్దమ్మ ఆ వరసల మీదుగా మట్టిగుట్ట దాకా చూసింది.

"గా పాత వరసల యాడనో, నాకెరుక లేదు బిడ్డా. మీ బాపుకెరుకుండె. గన్నేండ్లు ఒక్క మంచం మీద పండినం, నేను అడగనే లేదు."

మూలన ఒక ఇటుక కాస్త వదులుగా ఉంటే కరుణాకర్ దాన్ని మన్నుతో గట్టిగా ఒత్తాడు.