మూడువేల రెండువందల మాటలు

నేను ఒక గైడును. పీహెచ్‌డీ ప్రవేశ పరీక్షలో ఇంగ్లీషు గండం గట్టెక్కిస్తానని నా అట్టమీద ఎర్రక్షరాలతో రాసి ఉంటుంది. లోపల మూడువేల రెండువందల ఇంగ్లీషు మాటలు, పక్కన తెలుగు లిపిలో వాటి ఉచ్చారణ, ఆ పక్కన తెలుగు అర్థం. వెనక భాగంలో చదివి జవాబులు గుర్తించాల్సిన ప్యాసేజీలు అరవై. చిట్టచివర కీ. మనుషులు నన్ను కొని చదువుతారనుకుంటే పొరపాటు. కొంటారు. చదవడం వేరే సంగతి.

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. హైదరాబాదులో ఒక మేడమీది గదిలో ముగ్గురు మనుషులు మూడు వారాల్లో నన్ను తయారుచేశారు. ఒకడు పాత నిఘంటువులు ముందేసుకుని ఎవరూ వాడని మాటలు ఏరాడు. మాట ఎంత నోరు తిరగనిదైతే అంత ఘనమైనదని అతని నమ్మకం. రెండోవాడు పత్రికల్లోంచి ముక్కలు కత్తిరించి ప్యాసేజీలన్నాడు. మూడోవాడు వాటికి జవాబులు రాశాడు. ప్యాసేజీలు చదవకుండానే రాశాడు. ప్రశ్న చూడడం, ఉన్న నాలుగు జవాబుల్లో కాస్త మర్యాదగా కనిపించినదానికి టిక్కు పెట్టడం, అంతే. ఈ ముగ్గురిలో ఒక్కడూ ఆ పరీక్ష మొహం చూసినవాడు కాడు. అట్ట మీద మాత్రం 'అనుభవజ్ఞులైన నిపుణుల బృందం' అని పడింది.

అయినా నాకు తక్కువ గర్వం ఉండేది కాదు. అన్ని మాటలు కడుపులో పెట్టుకున్నదానికి ఆ మాత్రం పొగరు ఉంటుంది.

నన్ను మొదట కొన్నది సౌమిత్రి సార్. కరీంనగర్ అవతల, మానేరు రిజర్వాయరుకు దగ్గర్లో ఉన్న ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్. నన్ను స్టాఫ్ రూములో తన బల్ల మీద, అట్ట అందరికీ కనబడేలా నిలబెట్టాడు. మొదటి రోజు ఇరవై పేజీల దాకా పసుపు రంగు పెన్నుతో గీతలు కొట్టాడు. ఏది ముఖ్యమో తెలియనివాడే అన్నీ గీస్తాడు. ఇరవై ఒకటో పేజీ నుంచి నేను పెళ్ళికూతురంత శుభ్రంగా ఉండిపోయాను. "పీహెచ్‌డీకి ప్రిపేర్ అవుతున్నా" అని రెండేళ్ళు చెప్పుకున్నాడు. పరీక్ష రోజున మాత్రం రెండేళ్ళూ ఆయనకు జ్వరమే వచ్చింది.

అదే కాలేజీలో జువాలజీ చెప్పే గంగామణి మేడం ఒకరోజు నా ముందు నిలబడింది. ముప్పై నాలుగేళ్ళ మనిషి. తెలుగు మీడియంలో చదివింది. భర్త కనకయ్య రిజర్వాయరులో చేపలు పడతాడు. ఆమె పుట్టిల్లూ వలల ఇల్లే. ఆ ప్రవేశ పరీక్ష అప్పటికి రెండుసార్లు రాసింది. జువాలజీలో రెండుసార్లూ మంచి మార్కులే. ఇంగ్లీషులో కనీస మార్కు దాటక రెండుసార్లూ ఇంటికొచ్చింది. అంతకు ముందటి చలికాలం మానేరులో కొర్రమీనులకు ఒంటినిండా పుండ్లు లేచాయి. పట్టిన చేపను ఎవరూ ముట్టుకోలేదు. వాడలో సగం ఇళ్ళవాళ్ళు వలలు చుట్టి అటక మీద పెట్టి, ఇటుక బట్టీలకు పోయారు. ఆ జబ్బు మీద పరిశోధన చెయ్యాలన్నది ఆమె పట్టుదల. మనుషుల ఏర్పాట్లు చూడండి: చేపల పుండు సంగతి చూడాలంటే ముందు 'అబ్సీక్వియస్' అంటే ఏమిటో చెప్పి రావాలి.

"సార్, మీకు అక్కర లేకుంటే గీ గైడు నాకిస్తరా?" అని అడిగింది.

సౌమిత్రి సార్ నన్ను రెండు వేళ్ళతో ఎత్తి ఇచ్చాడు. "తీసుకోండి మేడం. కాకపోతే ఇంగ్లీషు అనేది చిన్నప్పటి నుంచి నాలుక మీద ఉండాలి. ఈ వయసులో బట్టీ కొడితే వచ్చేది కాదు."

"సూద్దాం సార్" అందామె, నన్ను సంచిలో పెట్టుకుంటూ.

అప్పట్నుంచి నాకు విశ్రాంతి లేదు. బస్సులో నిలబడి ఒక చేత్తో కడ్డీ, ఒక చేత్తో నన్ను పట్టుకునేది. ఇంట్లో పొయ్యి పక్కన గోడకు ఆనించేది. నా అంచులకు పసుపు మరకలు, రెండు చోట్ల చేప పొలుసులు. రోజుకు ఇరవై మాటలు. నిజం చెప్పాలంటే ఆమెను చూస్తే నాకు నవ్వొచ్చేది. గడ్డివాములో సూది కోసం వాము మొత్తం నమిలే మనిషి.

పొద్దున్నే వేట నుంచి వచ్చాక కనకయ్య పరీక్ష పెట్టేవాడు. అతనికి ఇంగ్లీషు రాదు. నాలోని తెలుగు లిపి చూసి కూడబలుక్కుని చదివేవాడు.

"అబ్సీక్వియస్."

"వంగి వంగి దండాలు పెట్టేటోడు."

"మా చాపల సొసైటీ సెక్రటరీ లెక్క. గర్రులస్."

"ఊకె వాగేటోడు."

"గిది నన్ననుడు గాదు గదా?" కనకయ్య నన్ను మూసి, అట్ట వైపు అనుమానంగా చూశాడు. "ఏమే, గిన్ని మాటలున్నయి. ఒక్కటన్న చాపకు పనికొస్తదా?"

"చాపకు కాదయ్యా, సీటుకు."

నాలుగు నెలల్లో ఆమెకు రెండువేల మాటలు వచ్చాయి. నా ఛాతీ ఉబ్బింది. ఇక వెనక భాగం తెరిచి, గడియారం పెట్టుకుని ప్యాసేజీలు మొదలుపెట్టింది. ఇరవై ప్రశ్నలకు ఆరు రైటు. మర్నాడు ఐదు. ఆ మర్నాడు మళ్ళీ ఆరు. తెలిసిన పెద్ద మాట కనబడగానే దాన్ని పట్టుకుని, మిగతా వాక్యం సంగతి తానే ఊహించుకుని జవాబు గుర్తుపెట్టేది. ముందు జవాబు పెట్టి, తరవాత ఎందుకు తప్పయిందో చూసుకోవడానికి ప్యాసేజీ చదివేది. రెండువేల మాటలు వచ్చిన మనిషికి పది వాక్యాలు చదవడం రాలేదు. నేను లోలోపల ఎగతాళి చేశాను. తప్పంతా ఆమెదే అనుకున్నాను.

ఒకనాటి సాయంత్రం నలభై ఒకటో ప్యాసేజీ వచ్చింది. కొర్రమీను గురించి. ఆమె మొహం విప్పారింది. ఆ ఒక్కదాన్నీ గడియారం వైపు చూడకుండా, చుట్టాలింటి నుంచి వచ్చిన ఉత్తరంలా నెమ్మదిగా చదివింది. ఈ చేప ఏ పరిస్థితిలో చస్తుంది అని ప్రశ్న. నీళ్ళు మురికైనప్పుడు అని మొదటి జవాబు. పైకి వచ్చే దారి లేనప్పుడు అని రెండోది. ఆమె రెండోది గుర్తుపెట్టింది. కీ చూసింది. మొదటిది అని ఉంది.

ఎప్పటిలాగే రబ్బరు తీసి తన టిక్కు చెరిపింది. కీలో ఉన్నచోట పెట్టింది. పెట్టిన పెన్సిలు అక్కడే ఆగిపోయింది. మళ్ళీ ప్యాసేజీలోకి వెళ్ళి, ఒక్కొక్క మాట కింద పెన్సిలు మొన ఆనిస్తూ, చిన్నా పెద్దా ఏదీ వదలకుండా చదివింది. ఒకచోట 'ఈవెన్' అనే మాట చుట్టూ సున్న చుట్టింది. తరవాత 'హార్డ్లీ' చుట్టూ. తరవాత 'అన్‌లెస్' చుట్టూ.

ఆ మూడు మాటలూ నా మూడువేల రెండువందల్లో లేవు. అంత అల్పమైన మాటల్ని నా నిపుణులు లెక్కలోకి తీసుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం స్టాఫ్ రూములో నన్ను సౌమిత్రి సార్ ముందు తెరిచి పెట్టింది.

"సార్, నలభై ఒకటో ప్యాసేజీల కీ తప్పున్నది."

సార్ టిఫిన్ డబ్బా మూత పెట్టి నవ్వాడు. "అచ్చయిన పుస్తకం తప్పు, మీరు రైటా మేడం?"

"కొర్రమట్ట, గదే కొర్రమీను, మురికి నీళ్ళల్ల సుత బతుకుతది సార్. పైకొచ్చి గాలి పీల్చుకోనియ్యకుంటే మంచినీళ్ళల్లనే సస్తది. మా ఆయన ఒక్కసారి తెల్వక చాపల బుట్ట మొత్తం నీళ్ళ లోపట్కి ముంచి కట్టిండు. ఇప్పేసరికి అన్నీ సచ్చినయి."

"అదే మీ ప్రాబ్లం" అన్నాడు సార్, అవతల పేపర్లు దిద్దుకుంటున్న ఫిజిక్స్ రజియా మేడంకు కూడా వినబడేలా. "కాంప్రహెన్షన్ అంటే మీ ఆయనకు తెలిసింది రాయడం కాదు. ప్యాసేజీలో ఉన్నది రాయడం."

"గదే సార్ నేననేది. మా ఆయన సంగతి పక్కకు పెట్టుండ్రి. ప్యాసేజీల ఏమున్నదో సదువుండ్రి."

సార్ చెయ్యి ఊపాడు. "చదివేదేముంది, కీలో స్పష్టంగా ఉంటే."

"సదువుండ్రి సార్" అంది గంగామణి. గొంతు పెంచలేదు. నిలబడ్డచోటు నుంచి కదల్లేదు కూడా.

రజియా మేడం పెన్ను కింద పెట్టింది. "చదవండి సార్, మేమూ వింటాం."

తప్పేది లేక సార్ చదివాడు. ఉచ్చారణ బాగానే ఉంది. సున్నలు చుట్టిన వాక్యం దగ్గరికొచ్చేసరికి గొంతు నెమ్మదించింది. ఒకసారి చదివి ఆగాడు. రెండోసారి పెదవులు మాత్రమే కదిలాయి.

"నేను తెలుగుల చెప్పన్నా సార్?" అంది గంగామణి. "ఎంత మంచి నీళ్ళల్లనైనా, పైకి రాగలిగితే తప్ప ఈ చాప బతుకుడు కష్టం. అంతే గదా?"

సార్ కీ ఉన్న పేజీ తిరగేసి చూశాడు. "ప్రింటింగ్ మిస్టేక్ అయ్యుండొచ్చు" అన్నాడు చివరికి.

అచ్చు తప్పు కాదని నాకు తెలుసు. మేడమీది గదిలో మూడోవాడి చెయ్యి నాకు గుర్తే. ఇంతకాలం అందరినీ వెక్కిరించిన నాకు మొదటిసారి అట్ట మూసుకోవాలనిపించింది. ఆమె మూయనివ్వలేదు. ఆ వారమంతా కూర్చుని నా అరవై ప్యాసేజీలూ ఆ విధంగానే, మాట మాట కింద పెన్సిలు ఆనిస్తూ చదివింది. నా కీలో పదిహేడు తప్పులు పట్టింది. అంటే అప్పటిదాకా ఆమె రైటుగా పెట్టి, నా మాట విని చెరుపుకున్నవీ కొన్ని ఉన్నాయన్నమాట. అవి చూసినప్పుడు ఆమె నన్ను గోడకేసి కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. ఒక తెల్లకాగితం మీద పదిహేడు నంబర్లూ, వాటి అసలు జవాబులూ వరసగా రాసి నా మధ్యలో పెట్టుకుంది. మిగిలిన పన్నెండువందల మాటల జోలికి మళ్ళీ పోలేదు.

సౌమిత్రి సార్ ఆ వారం ఆమెతో మాట్లాడలేదు. తరవాతి వారం ఒకరోజు అందరూ క్లాసులకు వెళ్ళేదాకా ఆగి వచ్చాడు. "ఏదో తప్పుల జాబితా రాశారట గదా మేడం. ఒకసారి ఇస్తారా, జిరాక్స్ తీసుకుంటాను" అన్నాడు, కిటికీ వైపు చూస్తూ. ఆమె కాగితం తీసి ఇచ్చింది. ఒక్క మాట అనలేదు. నేనైతే అనేవాణ్ణి. నా దగ్గర ఆ సందర్భానికి తగిన మాటలు కనీసం నలభై ఉన్నాయి.

పరీక్ష వరంగల్లులో. లోపలికి పుస్తకాలు రానివ్వరు కాబట్టి గేటు పక్కన పరదా పరిచి, అందరి సంచులూ అక్కడ పడేయించారు. ఆ ఎండలో నా తోడబుట్టినవాళ్ళను చూశాను. నాలాంటి గైడులే ముప్పైకి పైగా ఉన్నాయి. గాలికి పేజీలు రెపరెపలాడుతుంటే అందరి చరిత్రా బయటపడింది. మొదటి ఇరవై పేజీల్లో రంగురంగుల గీతలు, ఆ పైన మంచు కురిసినంత తెలుపు. ఒకదాని మధ్య దేవుడి కుంకుమ, ఇంకొకదాని మధ్య నెమలీక. వెనక భాగం నలిగినవాళ్ళెవరూ కనబడలేదు. పాండిత్యానికి దేశంలో కొదవలేదు.

బయటికొచ్చిన గంగామణి నన్ను పరదా మీంచి ఏరుకుని, చెట్టు నీడకు పోయి కనకయ్యకు ఫోన్ చేసింది.

"ఎట్ల రాసినవే?"

"సదివి రాసిన" అంది. "రెండుమాట్లు రాసినంక సదివిన. ఈమాటు సదివినంక రాసిన."

"గట్లనా. మరి మనం బట్టీ కొట్టిన మాటలు వచ్చినయా?"

"నాలుగొచ్చినయి."

అవతల కనకయ్య గొంతు లేచింది. "గా నాలుగింటికా నన్ను నాలుగు నెలలు సంపినవ్!" అన్నాడు. రోడ్డు మీద పోయేవాళ్ళు తిరిగి చూసేలా ఆమె నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే కళ్ళు తుడుచుకుంది.

ఫలితాలు వచ్చాయి. ఇంగ్లీషులో కనీస మార్కుకు మూడు ఎక్కువ. కేవలం మూడు. సౌమిత్రి సార్ స్వీట్లు పంచుతూ "గైడు నాదే" అని అందరికీ చెప్పాడు. ఆ సంవత్సరం ఆయన జ్వరం తెచ్చుకోకుండా పరీక్ష రాశాడని, ఐదు మార్కులతో పోయిందని, వచ్చే ఏడాది మళ్ళీ రాస్తాడని రజియా మేడం చెప్పగా విన్నాను. ఆయన విషయంలో ఇది తక్కువ ఘనకార్యం కాదు.

ఇప్పుడు నేను యూనివర్సిటీలో ఉన్నాను. ఆ మాట విని నన్నేదో అద్దాల బీరువాలో ఊహించుకోకండి. జువాలజీ పరిశోధకుల గదిలో గచ్చు ఎత్తుపల్లాలుగా ఉంది. గంగామణి తెచ్చుకున్న చేపల తొట్టి బల్ల ఒక కాలు ఆనక ఊగుతుండేది. మొదటివారంలోనే ఆమె నన్ను సంచిలోంచి తీసి, అటూ ఇటూ చూసి, వంగి ఆ కాలి కింద పెట్టింది. బల్ల నిలబడింది.

పక్క బల్ల పరిశోధకుడు చూసి నొచ్చుకున్నాడు. "అయ్యో, సరస్వతి గదా మేడం!"

"సరస్వతి గాదు సార్, గైడు" అంది ఆమె. "నాకేమో ముందు పేజీలు అక్కెర పడలే, వెనకటియి తప్పులున్నయి. వేరేటోళ్ళకిస్తే వాళ్ళు సుత రైటు జవాబులు చెరుపుకుంటరు."

అంత కచ్చితంగా నా గురించి ఎవరూ చెప్పలేదు. తొట్టి నీళ్ళు అప్పుడప్పుడూ చింది నా మీద పడతాయి. అట్ట మీది నిపుణుల బృందం ముందే చెరిగిపోయింది. నా మాటలు ఒకదానికొకటి అతుక్కుని, విప్పినా విడిపోనంతగా ముద్దకట్టాయి. పైన నాలుగు కొర్రమీనులు తిరుగుతున్నాయి. వాటి ఒంటి మీది పుండ్ల గురించి ఆమె రోజూ నోటుపుస్తకంలో ఏదో రాసుకుంటుంది. ఇంగ్లీషులోనే రాస్తుంది. రాస్తూ ఒక్కసారైనా కిందికి వంగి నన్ను చూడలేదు.

బరువైన పుస్తకమని జనం నన్ను మెచ్చుకుంటూ వచ్చారు. నా బరువు నిజంగా ఒకరికి పనికొచ్చింది ఇక్కడే.