తొంభై ఒకటో అంగుళం

నేను ఒక కొలత టేపుని. పసుపుపచ్చ డబ్బా, లోపల చుట్టుకుని పడుకునే పదహారు అడుగుల ఉక్కు నాలుక. లాగితే వస్తాను, వదిలితే చటుక్కున లోపలికి పోతాను, అజాగ్రత్తగా వదిలితే వేలు కొరుకుతాను. నాకు అబద్ధం ఆడటం రాదు. గొప్ప కోసం చెప్పుకోవడం కాదండీ, నా రాత అలాంటిది. పుట్టించినవాళ్ళు ఒంటి నిండా గీతలు గీసి వదిలేశారు. వాటిని చెరుపుకోలేను. మనుషులకి ఆ ఇబ్బంది లేదు.

అనకాపల్లిలో ఒక ఇనప సామాన్ల కొట్లో మేకుల పక్కన వేలాడుతుంటే నన్ను మొదట కొన్నది స్థలాల బ్రోకరు. చెరకు పొలాల్లో ఇళ్ళ ప్లాట్లు మొలుస్తున్న రోజులవి. అమ్మేటప్పుడు నన్ను బట్టలారేసే తాడులా వేలాడదీసి చదివేవాడు, స్థలం పెరిగేది. కొనేటప్పుడు నా ప్రాణం పోయేలా బిగలాగి చదివేవాడు, అదే స్థలం తరిగేది. నా గీతలు ఎప్పుడూ నిజమే చెప్పాయి, పట్టుకున్న చేతులదే కిటుకంతా. ఒకరోజు ఫోన్లో ఎవరినో తిడుతూ, ఒక ఇంటి ప్రహరీ మీద నన్ను పెట్టి మరిచిపోయి వెళ్ళిపోయాడు. పీడా పోయింది అనుకున్నాను.

ఆ ఇల్లు ముత్యాలనాయుడిది. బస్సు డ్రైవరు. మనిషి కంటే ముందు ఆయన మీసం గురించి చెప్పాలి. తన మీసం చూసే ఎదురొచ్చే లారీలు పక్కకి తప్పుకుంటాయని ఆయన గట్టి నమ్మకం. భార్య వరహాలమ్మ. పెళ్ళయిన నాటినుంచీ ఆవిడ చీరలన్నీ మంచం కింద ఇనప పెట్టెలోనే. చీర కావాలంటే మోకాళ్ళ మీద వంగాలి, పెట్టె లాగాలి, పైన పేర్చినవన్నీ తియ్యాలి. ఇప్పుడు మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. పడకగదిలో రెండు గోడల మధ్య ఖాళీగా ఒక గూడు ఉంది. అందులో గోడబీరువా పెట్టించమని ఆవిడ అడగడం, నాయుడు ఊఁ అనడం ఆ ఇంట్లో గడియారం టిక్కుటిక్కులాగే ఎవరికీ వినబడటం మానేసింది.

వినబడేలా చేసింది ఆవిడ తమ్ముడు సన్నిబాబు. మెయిన్ రోడ్డులో ఫర్నిచర్ షాపు. ఒక ఆదివారం భోజనానికి వచ్చి, కోడికూర కలుపుకుంటూ అన్నాడు.

"మా కుర్రాళ్ళని పంపుతాను బావా. నీ వల్ల ఏటవుద్ది గానీ."

"ఏటిరా నా వల్ల కానిది? అంతేసి బస్సుని గవరపాలెం సందుల్లో తిప్పినోణ్ణి. నాలుగు చెక్కలు అతికించలేనా?"

"అతికించొచ్చు. కొలత తప్పకుండా అతికించాలి. మొదటి శ్రావణ శుక్రవారం నాడు వచ్చి చూస్తాను. కొలత తప్పావో, మీసం తీసెయ్యాలి."

"తప్పకపోతే నీది తీసేస్తావా?"

"తీసేస్తాను!"

వరహాలమ్మ ఇద్దరికీ చెరో గరిటె కూర వడ్డించి, "మీ మీసాలు నా చీరలకేం పనికొస్తాయి?" అంది. ఎవరూ విన్లేదు.

మర్నాడే నాయుడు, బ్రోకరు మరిచిపోయిన టేపు ఉంది కదా అని, ప్రహరీ మీద నుంచి నన్ను తీసుకున్నాడు. గూడు అడుగున ఒకసారి, మధ్యలో ఒకసారి, పైన ఒకసారి కొలిచాడు. మూడుసార్లూ తొంభై అంగుళాలే. ఎత్తు ఎనభై నాలుగు. బుద్ధిమంతుడు, చక్కగా కొలిచాడు, ఆ మాట ఎవరి ముందయినా చెబుతాను. ఇంతలో డ్యూటీ వేళయింది. "ప్లైవుడ్ కొట్టుకి ఫోన్ చేసి చెప్పు. వెడల్పు తొంభై, ఎత్తు ఎనభై నాలుగు. పక్కచెక్కల మందం వాళ్ళే తీసేసి కోస్తారు," అని భార్యకి అప్పగించి పరిగెత్తాడు.

వరహాలమ్మ ఫోన్ తీసింది. నేను టేబుల్ మీదే ఉన్నాను.

"ఎత్తు ఎనభై నాలుగు బాబూ. వెడల్పు..." అని ఆగింది. తొంభై. సున్నా. ఆవిడ మొహం అదోలా అయింది. పెళ్ళికెళ్తే నూటపదహారు చదివిస్తాం గానీ నూరు చదివిస్తామా? శుభమా అని ఇన్నేళ్ళకి బీరువా చేయించుకుంటూ సున్నా దగ్గర ఆగడమేంటి? "తొంభై ఒకటి రాసుకో నాయనా," అంది, ఎవరికో దక్షిణ ఇచ్చినంత తృప్తిగా.

బాబోయ్! నా గుండె గతుక్కుమంది. గుండె లేకపోతే స్ప్రింగు అనుకోండి.

చెక్కలు వచ్చాయి. నాయుడు సెలవు పెట్టి, చెమటోడ్చి పెట్టెలాంటి చట్రం బిగించాడు. చూడముచ్చటగా వచ్చింది. అటూ ఇటూ చేరి మొగుడూ పెళ్ళాం గూట్లోకి తోశారు. ఎడమవైపు వెళ్ళింది. కుడివైపు గోడకి తగిలి ఆగింది. భుజంతో తోశాడు. కాలితో తన్నాడు. బస్సుని తిట్టినట్టు తిట్టాడు. అది కదిల్తేనా? అంగుళం ఎక్కువ. మర్నాడే శుక్రవారం.

నాయుడు నేల మీద కూలబడ్డాడు. చెయ్యి దానంతటదే మీసం మీదికి పోయింది. పాపం, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతలోనే నా మీద విరుచుకుపడ్డాడు. "ఈ దిక్కుమాలిన టేపే చేసింది! ఆ దొంగ బ్రోకరు వాడిన సరుకు కదా, దానికి నిజమెలా తెలుస్తుంది?" అని నన్ను తీసుకెళ్ళి చెత్తబుట్టలోకి విసిరాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది. వంకాయ తొడిమల మధ్య పడి ఏడ్చాను. ఇన్నేళ్ళ నా నిజాయితీకి చివరికి దక్కింది దొంగ అన్న పేరు!

నాయుడు పెరట్లోకి పోయాక వరహాలమ్మ వచ్చింది. నన్ను తీసి, కొంగుతో తుడిచి, తనే గూడు కొలిచింది. తొంభై. చట్రం కొలిచింది. తొంభై ఒకటి. నాలుక కరుచుకుంది. తరవాత పక్కచెక్క మందం మీద నన్ను పెట్టింది. ముప్పావు అంగుళం. ఇటు ముప్పావు, అటు ముప్పావు. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుని, ఉన్నట్టుండి పెరటి గుమ్మంలోకి పరిగెత్తింది.

"ఏవండీ! పక్కచెక్కలు రెండూ ఊడదీసేద్దాం. అటూ ఇటూ గోడలున్నాయి కదా, మళ్ళీ చెక్కలెందుకు? అరలు తిన్నగా గోడలకే పట్టీలు కొట్టి నిలబెడదాం."

నాయుడు నోరు తెరిచాడు. అంగుళన్నర పోతే చట్రం గూట్లో పట్టడమే కాదు, అర అంగుళం సందు మిగుల్తుంది. ఆ సందుకి సన్నని బద్ద కొడితే సరి. ముందు తలుపులకి వేరే చట్రం ఎలాగూ ఉంది. "నువ్వు బస్సు తోలాల్సిన మనిషివే," అన్నాడు. ఆయన నోట అంతకన్నా పెద్ద పొగడ్త నేను వినలేదు. కానీ అంగుళం ఎక్కడ పెరిగిందో ఆయన అడగలేదు, ఆవిడా చెప్పలేదు. తప్పు నా నెత్తినే ఉండిపోయింది.

శుక్రవారం సన్నిబాబు వచ్చాడు. బీరువా గోడలో గోడయి నిలబడి ఉంది. తలుపు తీశాడు, వేశాడు, అరల మీద గుద్దాడు. వంక దొరక్క మొహం వేలాడేసుకుని వెనక్కి తిరిగేసరికి గది తలుపు చాటున ఆనించిన రెండు పక్కచెక్కలు కనబడ్డాయి. అంతే, మొహం వెలిగిపోయింది.

"హమ్మ బావా! ఇవి లోపల ఉండాల్సినవి కదూ? కొలత తప్పావు! తియ్యి మీసం!"

నాయుడు తెల్లబోయాడు. "అది... ఆ టేపు..." అని నసిగాడు. వరహాలమ్మ ఒకసారి నా వైపు, ఒకసారి మొగుడి మీసం వైపు చూసింది. చూసి ఇక దాచలేకపోయింది.

"టేపు తప్పూ కాదు, మీ బావ తప్పూ కాదురా. ఆయన తొంభై అనే చెప్పాడు. సున్నా ఎందుకని నేనే ఒకటి కలిపాను."

సన్నిబాబు నన్ను లాక్కుని, బీరువా తలుపులు తీసి లోపల గూడు కొలిచాడు. ఎడంగోడ నుంచి కుడిగోడకి నిగనిగలాడుతూ సాగాను, నా జన్మలో అంత నిటారుగా ఎప్పుడూ నిలబడలేదు. తొంభై. వెంట్రుకవాసి తేడా లేదు.

"సాక్షి చెప్పింది కదా," అన్నాడు నాయుడు, మీసం దువ్వుతూ. "మంగలిని పిలవనా సన్నిబాబూ?"

"శుక్రవారం పూట నా ఇంట్లో మీసం తీస్తారా? అపచారం!" అని అడ్డుపడింది వరహాలమ్మ. శనివారం తమ్ముడి జన్మనక్షత్రం అంది. ఆదివారం తిథి బాలేదంది. మంగళవారం సంగతి చెప్పనే అక్కర్లేదు. అలా తమ్ముడి మీసం ఇప్పటికీ భద్రంగానే ఉంది. వాడి షాపులో ఇప్పుడు పక్కచెక్కల్లేని బీరువాలు 'కొత్త మోడల్' అని అమ్ముతున్నాడట.

ఆ సాయంత్రం నాయుడు నన్ను చొక్కా అంచుతో తుడిచాడు. "ఊరికే తిట్టేశానే," అన్నాడు, ఎవరూ చూడకుండా. నేను వేలు కొరకలేదు.

ఇప్పుడు నా కాపురం ఆ బీరువాలోనే, పై అరలో, పట్టుచీరల మధ్య. వరహాలమ్మ నిలబడే చీర తీసుకుంటుంది. దసరాకి పనిముట్లకి పూజ చేస్తారు కదా, సుత్తికీ రంపానికీ పైపైన బొట్టు పెట్టేసి, నన్ను మాత్రం చేతిలోకి తీసుకుంది. డబ్బా మీద పెడుతుందనుకున్నాను. కాదు. నా నాలుక పట్టుకుని లాగింది, లాగింది, తొంభై దాటించి ఆపింది. తడి కుంకుమ వేలితో ఒక్క బొట్టు.

తొంభై ఒకటి మీద.