గండి పడలేదు

నాకు నడక అంటే చిరాకు. నడవమని సలహాలిచ్చేవాళ్లంటే ఇంకా చిరాకు. రెండేళ్ల కింద నిజామాబాద్ ఆసుపత్రిలో మూడు మెట్లెక్కి, ఆయాసంతో నాలుగో మెట్టు మీద కూలబడినప్పుడే అనుకున్నాను, బతికి బట్టకడితే నడవను, ఉరుకుతానని. బతికాను. అందులో నా గొప్ప ఏమీ లేదు. మా సుమిత్రక్క తన కిడ్నీ ఒకటి నాకిచ్చింది.

నేను వర్నిలో టైలర్‌ని. అక్కను మోస్రాలో ఇచ్చారు. ఆపరేషన్ తర్వాత డాక్టర్ మా ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఇక మామూలుగా పనులు చేసుకుని బతకండి అన్నాడు. నేను నమ్మాను. అక్క నమ్మలేదు. వాళ్ల అత్త చంద్రవ్వ మొదటి రోజే "ఒక్క కిడ్నీ మనిషివి, ఇగ పొలం మొకాన పోకు బిడ్డా" అంది. ప్రేమతోనే అంది, కానీ ఆ మాట అక్క మనసులో పాతుకుపోయింది. నాట్లేసేటప్పుడు అందరికంటే ముందుండే మనిషి, ఇప్పుడు గడప దాటాలన్నా నడుముకు చెయ్యి ఆనించుకుంటుంది. ఆమెను అలా చూసిన రోజు నాకు అన్నం సహించదు. నన్ను బతికించి తను సగం మనిషైపోయింది కదా అనిపిస్తుంది.

అందుకే ఈ పరుగు. అక్క ఇచ్చిన కిడ్నీతో పది కిలోమీటర్లు ఉరికి వాళ్ల వాకిట్లో నిలబడితే, తన దగ్గర మిగిలింది కూడా అంత గట్టిదేనని నమ్మక ఏం చేస్తుంది! డాక్టర్‌ను అడిగే మొదలుపెట్టాను. ఆర్నెల్లు కొంచెం కొంచెంగా అలవాటు చేసుకున్నాను. ఇక దారి కావాలి. రోడ్డు మీద చెరుకు ట్రాక్టర్ల మధ్య ఉరికితే కిడ్నీ సంగతి అటుంచి ఆయువే ఉండదు. మిగిలింది కాలువ గట్టు. ఎత్తూ పల్లం లేకుండా బల్లపరుపుగా, మా ఇంటి వెనక నుంచి మోస్రా దాకా పోతుంది.

తెల్లవారగానే నీళ్ల సీసా నడుముకు కట్టుకుని బయలుదేరాను. కాలువ నిండుగా పారుతోంది. ఎడమ పక్క చెరుకు, కుడి పక్క వరి. మూడు కిలోమీటర్లు హాయిగా సాగాయి. నాలుగోది దాటుతుంటే మడికి నీళ్లు కడుతున్న సాయన్న తలెత్తి చూశాడు. మా షాపులో బట్టలు కుట్టించుకునే రైతే.

"ఏంది మార్కండేయా, ఏమైంది? గట్ల ఉరుకుతున్నవ్?"

ఊపిరి దండగెందుకని, చేత్తో ముందుకు చూపించి పోతూనే ఉన్నాను. అదే నేను చేసిన తప్పు. నీళ్లు వదిలిన రోజుల్లో గట్టు మీద మనిషి ఉరికితే మా దగ్గర దానికి ఒక్కటే అర్థం.

"గండి వడ్డదిరో! ముంగట కాలువకు గండి వడ్డది!"

తిరిగి చూస్తే సాయన్న పార భుజాన వేసుకుని ఉరికొస్తున్నాడు. వెనక ఇంకో ఇద్దరు. తర్వాతి తూము దాటేసరికి ఎనిమిది మంది, ఎనిమిది పారలు. ఒకాయన మట్టి నింపడానికి ఖాళీ సంచులు కూడా తెచ్చాడు.

"గండి లేదే! ఉత్తగనే ఉరుకుతున్న!" అని అరిచాను.

"ఉత్తగ ఎవడన్న ఉరుకుతడా? దిమాక్ ఖరాబైందా?" అన్నాడు సాయన్న, ఆగకుండానే. అప్పటికే మోస్రాకు ఫోన్ చేసి పారేశాడు మహానుభావుడు.

కొందరు నన్ను తిట్టుకుంటూ మధ్యలోనే వెనక్కి మళ్లారు. సాయన్న మాత్రం వదల్లేదు. తొమ్మిదో కిలోమీటరు దగ్గర నా కాళ్లు బరువెక్కాయి. ఎదురుగా మోస్రా వైపు నుంచి ఇంకో గుంపు వస్తోంది. అందరి చేతుల్లోనూ పారలే. అందరికంటే ముందు ఒక ఆడమనిషి, కొంగు నడుముకు చెక్కి, మగవాళ్లను బాగా వెనకేసి ఉరికొస్తోంది. ఎవరో గానీ గట్టి మనిషే అనుకున్నాను.

దగ్గరికి వచ్చింది. సుమిత్రక్క.

నేను ఆగిపోయాను. బావ తన ఫోన్ ఇంట్లోనే మరిచి పొద్దుటి బస్సుకే బోధన్ పోయాడట, సాయన్న చేస్తే ఆమే ఎత్తిందట.

"యాడరా గండి? వరి ఇప్పుడే పొట్టకొచ్చింది, మునిగితే ఎట్ల?" అంటూనే నా బూట్లు, చెమట చూసింది. "నువ్వేంది గిక్కడ? ఇంటికాడికెల్లి ఉరికొచ్చినవా?"

"అవునక్కా. గండి లేదు, ఏం లేదు. నీకు సూపిద్దామని ఉరికొచ్చిన."

"సచ్చినోడా! గది నా కిడ్నీరా! నన్ను అడగకుండ గట్ల ఉరికిస్తవా?" అని పార ఎత్తింది. ఒంటిచేత్తో ఎత్తింది.

సాయన్న పార పక్కన పడేసి పడీపడీ నవ్వుతున్నాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

"మరి నువ్వెంత దూరంకెల్లి ఉరికొచ్చినవక్కా?"

అక్క వెనక్కి తిరిగింది. వాళ్ల ఊరి ఇళ్లు దూరంగా, చిన్నగా కనిపిస్తున్నాయి. అలవాటుగా చెయ్యి నడుము దాకా పోయి, అక్కడే ఆగింది.

"నిజమేరా," అంది మెల్లగా. "ఒక్క కిడ్నీ సంగతే యాది లేదు."

గట్టు మట్టిలోనే ఆమె కాళ్లకు మొక్కాను. నీ రుణం తీరదక్కా అని రెండేళ్లుగా నోట్లోనే ఉండిపోయిన మాట అందరి ముందే అనేశాను.

"లెవ్వు, లెవ్వు," అంది కొంగుతో కళ్లొత్తుకుంటూ. "ఎట్లాగు పార తెచ్చిన. మడికి నీళ్లు మలిపి ఇంటికి పోదాం."

పార భుజాన వేసుకుని పొలం దారి పట్టింది. ఆమె వెనకే నడిచాను.