మరకలేని చొక్కాలు

మధ్యాహ్నం పన్నెండు దాటింది. పొద్దుటి నుంచి నూట ఎనభై దుప్పట్లు ఆవిరి ఇస్త్రీ కింద లాగిన చేతులు భుజాల దాకా సలుపుతున్నాయి. రెండు గంటలు వదలమంటే సూపర్‌వైజర్ సగం రోజు కూలి కోశాడు. కోస్తే కోశాడు. ఇస్త్రీ ఆమె ముఖం తుడుచుకుని, మూలన బట్టల మూటల మీద నిద్రపోతున్న ఎనిమిదేళ్ళ కూతుర్ని లేపి బయలుదేరింది.

పరాయి దేశం వచ్చి పది నెలలు. సర్కారు బడిలో వలస కూలీల పిల్లలకు చోటు లేదు. ప్రైవేటు బడి ఫీజు ఆమె జీతమంతా మింగినా ఇంకా నోరు తెరిచే ఉంటుంది. ముప్పావు వంతు సర్కారే కట్టే రాయితీ సీట్లు చుట్టుపక్కల రెండు బడుల్లోనే ఉన్నాయి. నెలాఖరులోగా బడి కాగితం చూపించకపోతే పిల్లకు ఇక్కడ ఉండే అనుమతి రద్దవుతుంది. తల్లీ తండ్రీ ఒక దేశంలో, పిల్ల ఇంకో దేశంలో.

ఆ రెండు బడుల రాయితీ పిల్లల యూనిఫారాలూ లాండ్రీలో ఆమె చేతికిందికే వస్తాయి. ఒక బడివి వారం వారం వస్తాయి. జేబుల నిండా సిరా, ఊడిన గుండీలు, ఎంత ఉతికినా వదలని మోకాళ్ళ మట్టి. రెండో బడివి నెలకోసారి వచ్చినా అప్పుడే పెట్టెలోంచి తీసినట్టుంటాయి.

"క్రమశిక్షణంటే అదీ," అని మొగుడికి తేల్చి చెప్పింది.

టైల్స్ మేస్త్రి మొగుడు నవ్వాడు. "పెళ్ళిచూపుల్లో నన్ను కూడా చొక్కా చూసే ఒప్పుకున్నావా ఏంటి?"

"నీ చొక్కా సరిగ్గా చూసుంటే ఈపాటికి సుఖపడేదాన్ని."

సిరా మరకల బడివాళ్ళు సీటు ఇస్తామని రెండుసార్లు కబురు పెట్టారు. ఆ రౌడీమూకలో నా బిడ్డనా అంది. నిన్నటితో వాళ్ళిచ్చిన గడువు దాటిపోయింది.

తెల్ల చొక్కాల బడి ఆఫీసులో గుమాస్తా మన భాషవాడే. వినగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

"కూర్చోమ్మా. ఇదిగో, ఇక్కడ సంతకం. ముందు పాపకి ఈ చొక్కా తొడుగు, ఫొటో తీస్తారు."

పిల్ల చొక్కా తొడుక్కుని బీరువా అద్దంలో ఇటు తిరిగీ అటు తిరిగీ చూసుకుంది. ఫొటో తీసే ఆయన వచ్చేలోగా తల్లి నీళ్ళు తాగుదామని వెనక కుళాయి దగ్గరికి వెళ్ళింది.

అక్కడొక రేకుల షెడ్డు. లోపల అరవైమంది దాకా పిల్లలు, ఇంటి బట్టలతోనే, ఉత్త నేల మీద. పలక లేదు, పుస్తకం లేదు. అందరి నోళ్ళ మీదా వేలు. గుమ్మంలో ఆయా ఒళ్ళో బెత్తం పెట్టుకుని ఫోన్ చూసుకుంటోంది.

ఆమె నీళ్ళు తాగకుండానే తిరిగొచ్చింది. "అన్నా, ఆ షెడ్డులో పిల్లలెవరు?"

"రాయితీ పిల్లలు."

"మరి యూనిఫారాలు లేవే?"

"తనిఖీ రోజు తొడుగుతాంలే, నెలకోసారి. సర్కారువాళ్ళు లెక్కపెట్టుకుని వెళ్ళగానే విప్పేసి లాండ్రీకి పంపిస్తాం." పెన్ను ముందుకు జరిపాడు. "బడికి సర్కారు డబ్బు, మీకు బడి కాగితం. ఎవరికి నష్టం చెప్పు?"

"మరి చదువో?"

"మీ పిల్లలు కూడా చదివేస్తే రేపు మా చొక్కాలు ఎవరు ఇస్త్రీ చేస్తారమ్మా?" తన మాటకు తనే పకపకా నవ్వాడు.

ఆమె తన చేతుల వంక చూసుకుంది. సొంతూళ్ళోనూ ఇక్కడా కలిపి పదేళ్ళుగా, గుడ్డ పట్టుకుంటే మనిషి బతుకు చెప్పగలిగిన చేతులు. చెమట వాసన లేని చొక్కా ఏ పిల్లాడి ఒంటి మీదా నిలవలేదని ఆ చేతులకు తెలియలేదు. సిరా పూసుకుని రాసుకుంటూ, మట్టిలో పడి ఆడుకుంటున్న పిల్లల బడిని తనే కాలదన్నుకుంది.

"సంతకం పెట్టమ్మా. నెలాఖరుకి నాలుగే రోజులున్నాయి. కాదంటే పిల్లకి టిక్కెట్టు కొనుక్కో."

ఆమె పెన్నుకి మూత పెట్టి బల్ల మీద ఉంచింది. "పెట్టను."

కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుని మొదటి గుండీ విప్పింది.

"ఎందుకమ్మా? నాకు సరిగ్గా సరిపోయింది కదా!"

"విప్పు తల్లీ."

"నేనేం చేశాను? అల్లరి చెయ్యను. ఒట్టు. బాగా చదువుకుంటానమ్మా..."

పిల్ల రెండు పిడికిళ్ళతో చొక్కాను గుండెకి అదిమి పట్టుకుంది. తల్లి ఆ వేళ్ళను ఒక్కొక్కటే విడదీయసాగింది.